విశ్వాసం ముందా, జ్ఞానస్నానం ముందా? — మదుర సీమలో ఒక చారిత్రక చర్చ

తేని ప్రాంతం 1996లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు మదుర జిల్లాలో అంతర్భాగం. తెలుగు నాయకరాజులు ఏలిన ఈ మదుర సీమలోనే క్రైస్తవ మతచరిత్రకు సంబంధించిన ఒక మౌలిక ప్రశ్న తీవ్రమైన చర్చకు వచ్చింది. మానవునికి రక్షణ నొసగేది హృదయంలోని విశ్వాసమా, శిరస్సుపై పోసే జ్ఞానస్నాన జలమా అన్నదే ఆ ప్రశ్న.

మార్కు సువార్త 16వ అధ్యాయం విశ్వాసాన్నీ బాప్తిస్మాన్నీ జోడించి రక్షణ మార్గంగా చెప్పింది; శిక్షను చెప్పినప్పుడు మాత్రం అవిశ్వాసాన్నే పేర్కొన్నది. ఈ వాక్యంపై సంఘాల మధ్య భేదాభిప్రాయాలు నేటికీ ఉన్నాయి. కథోలికులు, లూథరనులు శిశువులకు సైతం జ్ఞానస్నానం ఇస్తారు. బాప్టిస్టులు విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకొన్నవారికే ఇస్తారు.

దక్షిణాన ముత్యాల తీరంలో 1535–37 మధ్య పరవ కులస్థులు పోర్చుగీసువారి రక్షణ కోరి వేల సంఖ్యలో జ్ఞానస్నానం పొందారు. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చి చూడగా వారికి మతబోధ దాదాపు అందలేదు. ఆయన ప్రార్థనలను తమిళంలోకి మార్పించి నేర్పవలసివచ్చింది. అక్కడ జలం ముందు, బోధ తరువాత.

1606లో మదురకు వచ్చిన రాబర్టో డి నోబిలి ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాడు. ఒక బడి పంతులుతో అనేక దినాలు వాదించి, ఆయన సందేహాలు తీరిన పిమ్మటనే జ్ఞానస్నానం ఇచ్చాడు. తనకు సంస్కృతం నేర్పిన తెలుగు బ్రాహ్మణుడు శివధర్మకు కూడ జ్ఞానస్నానం ఇచ్చి, జందెం, పిలక ఉంచుకొనుటకు అంగీకరించాడు. విశ్వాసం మారితే చాలు, వేషం మారనక్కరలేదని ఆయన భావం. దీనిపై తోటి గురువులే అభ్యంతరం తెలిపారు. తుదకు 1623లో పోపు 15వ గ్రెగరీ, మూఢాచారం కాని పక్షంలో వాటిని అనుమతించారు.

రెండున్నర శతాబ్దాల పిమ్మట ఒంగోలులో ఇదే ప్రశ్న ఆకలి రూపంలో ఎదురైంది. 1876–78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నా, అన్నం కొరకు మతంలో చేరరాదని పదిహేను నెలలకు పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ముగిసిన తరువాత కూడ ప్రజలు కోరగా, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ మూడు ఘట్టాలలోనూ జలం ఒక్కటే. దాని వెనుక ఉన్న మనస్సులు వేరు. హాజరు పట్టీలో పేరు వ్రాసినంత మాత్రాన బాలుడు విద్యావంతుడు కాడు. ఆ పేరు లేనిదే బడిలో అతనికి చోటూ లేదు. నోబిలి చేసిన సుదీర్ఘ వాదం, క్లౌ పాటించిన ఓర్పు ఈ రెండు సత్యాలనూ గుర్తెరిగినవే.