విడవడం నేర్పే చేతితొడుగు

జుక్కల్‌లో గొర్రెల మందల వెంట నడిచే కుక్కలను చూస్తూ పెరిగినవాణ్ణి. మనం అల్సేషియన్ అని పిలిచే పోలీసు కుక్క కూడా మొదట మందలు కాచినదే అని తెలిసి ఆశ్చర్యపోయాను. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫనిట్జ్ ఆ జాతికి ఒక సంఘం స్థాపించారు. మందల పని తగ్గుతున్న కాలంలో ఆ కుక్కల తెలివిని, ధైర్యాన్ని పరీక్షించడానికి పుట్టినదే షుట్స్‌హుండ్ అనే పోటీ. 2019 నుండి దానిని ఐ.జి.పి. అంటున్నారు.

ఇందులో దుండగుడిగా నటించే సహాయకుడు చేతికి మందపాటి తొడుగు వేసుకుంటాడు. దాని పైపొర సాధారణంగా మన గోనెసంచుల జనపనారతో నేసినదే. శిక్షణలో కుక్కపిల్లకు మొదట గోనెపీలిక, తరువాత మెత్తని తొడుగు, చివరకు గట్టి తొడుగు అందిస్తారు. నోరారా పట్టుకుంటే తొడుగును చేతినుండి జార్చి, దానికే బహుమానంగా వదిలేస్తారు. అసలు పరీక్ష ఆ తరువాతే. యజమాని ఒక్క మాట అనగానే పట్టు విడవాలి. విడవని కుక్క ఎంత ధైర్యం గలదైనా మార్కులు పోగొట్టుకుంటుంది.

కాపలాకు కుక్కను పెంచే పింఛనుదారు మిత్రులకు నా మనవి ఒక్కటే. గొలుసుతో కట్టి, రెచ్చగొట్టి, కరవడం నేర్పకండి. పాలవాడు, పోస్టుమాన్, మనుమలు వచ్చే గడప అది. పిలిస్తే రావడం, వద్దంటే ఆగడం ముందు నేర్పండి.