చిన్న ఇంజన్ కొన్నవాడి పుణ్యం

మస్టాంగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది వీ8 ఇంజన్. సినిమాల్లో చూపించేది అదే, పోస్టర్ల మీద ఉండేది అదే, సిగ్నల్ దగ్గర పక్కన ఆగి మన కారు అద్దాలు వణికించేదీ అదే. చిన్న ఇంజన్ ఉన్న మస్టాంగ్ కొన్నవాడిని ఎవరైనా "ఏ ఇంజన్?" అనడిగితే మాత్రం కాస్త గొంతు తగ్గించి చెప్తాడు. అమెరికాలో ఉన్న మనోళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ అవస్థ పడటం నేను చూశాను. కానీ ఈ కారు చరిత్ర చదివిన కొద్దీ నాకు అనిపించింది వేరు. ఆ వీ8 ఇన్నేళ్ళు బతికిందంటే అందులో సగం పుణ్యం దాన్ని కొననివాళ్ళదే. ఎలాగో చెప్తాను.

ముందొక మాట. మస్టాంగ్ అసలు స్పోర్ట్స్ కారే కాదు అనేవాళ్ళున్నారు. వెనక సీటుంది, అమెరికన్లు దీన్ని పోనీ కార్ అంటారు. కొనేవాడి మనసులో మాత్రం అది స్పోర్ట్స్ కారే కాబట్టి, నేనూ అలాగే అంటాను.

ఫోర్డ్ కి దీనికంటే ముందు ఒక అనుభవం ఉంది. 1955 నుంచి 57 వరకు రెండు సీట్ల థండర్‌బర్డ్ అమ్మింది. అందంగా ఉండేది, వీ8 తప్ప వేరే ఇంజన్ లేదు. మూడేళ్ళలో అమ్ముడైనవి 53 వేల చిల్లర. అది చాలదని 1958లో దానికి వెనక సీటు తగిలించి పెద్ద కారు చేసేశారు.

మస్టాంగ్ తో ఆ లెక్క మార్చారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ లో దాన్ని విడుదల చేసినప్పుడు ఫోర్డ్ డివిజన్ కి అధిపతి లీ అయకోకా. ధర 2,368 డాలర్లు. పైన చూస్తే పొడుగాటి బానెట్, పొట్టి డిక్కీ, మహా సోకు. కింద ఉన్నవి చాలావరకు ఫాల్కన్ అనే చవక ఫ్యామిలీ కారు భాగాలు. 2,368 డాలర్లకి వచ్చే ఇంజనూ ఫాల్కన్ దే. ఆరు సిలిండర్లు, 170 క్యూబిక్ ఇంచిలు, అంటే 2.8 లీటర్లు. 101 హార్స్‌పవర్. మన మారుతి 800 ఇంజన్లు మూడున్నర కలిపితే అంత. అమెరికాలో అదీ చిన్న ఇంజనే మరి :)

దాని పైన మెట్లు కట్టారు. 260 వీ8 కి 164 హార్స్‌పవర్, 289 వీ8 కి 210. జూన్ లో 271 హార్స్‌పవర్ల 289 వచ్చింది, అభిమానులు ఇప్పటికీ కె-కోడ్ అని పిలుచుకునేది. ఆగస్టులో మళ్ళీ మార్చి కింది మెట్టు మీద 200 క్యూబిక్ ఇంచిల ఆరు సిలిండర్లు, 120 హార్స్‌పవర్. దాని మీద 200, 225 హార్స్‌పవర్ల 289లు పెట్టారు. ఆరు నుంచి మామూలు వీ8 కి ఎక్కడానికి వంద డాలర్ల పైచిలుకు అయ్యేది.

ఇక్కడ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి భలే నచ్చే విషయం ఒకటుంది. ఇంజన్ మారిస్తే ఇంజన్ ఒక్కటే మారదు. ఆరు సిలిండర్ల కారు చక్రానికి నాలుగు బోల్టులు, వీ8 కి ఐదు. బ్రేక్ డ్రమ్ములు వీ8 కి పెద్దవి. వెనక డిఫరెన్షియల్ వేరు, కె-కోడ్ కి ఇంకా బలమైనది. మన భాషలో చెప్పాలంటే అన్నీ డిపెండెన్సీలే. అందుకే పాత ఆరు సిలిండర్ల మస్టాంగ్ చవగ్గా వచ్చింది కదా, వీ8 దించేద్దాం అనుకున్నవాడు చక్రాల దాకా అన్నీ మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది. కె-కోడ్ కొన్నవాడికి ఏసీ ఇచ్చేవాళ్ళు కాదు, వారంటీ కూడా 3 నెలలో 4,000 మైళ్ళో. "ఇది తీసుకెళ్ళి ఏం చేస్తావో మాకు తెలుసు నాయనా" అన్నట్టు. కారొల్ షెల్బీ ఆ ఇంజన్నే ఇంకాస్త పదును పెట్టి 306 హార్స్‌పవర్ తో 1965లో జీటీ350 చేశాడు.

చరిత్ర పుస్తకాల్లో ఎక్కువ పేజీలు షెల్బీకే. కానీ మొదటి ఏడాది 4 లక్షలకు పైగా మస్టాంగులు అమ్ముడయ్యాయంటే అవన్నీ రేసులాడేవాళ్ళు కొన్నవి కావు. ఫోర్డ్ కి ఆ సంగతి బాగా తెలుసు. 1966లో ఆరు సిలిండర్ల మస్టాంగ్ కోసం "సిక్స్ అండ్ ద సింగిల్ గర్ల్" అని ప్రకటన వేసింది, 1962లో సంచలనమైన ఒక పుస్తకం పేరు మీద చమత్కారంగా. ఆ ఏడాదే స్ప్రింట్ 200 అని ఆరు సిలిండర్ల కారుకి క్రోమ్ ఎయిర్ క్లీనర్ పెట్టి అమ్మింది. 1966 మార్చికల్లా 10 లక్షల మస్టాంగులు తయారయ్యాయి. అంత సంఖ్య ఉండబట్టే వంద డాలర్లు ఎక్కువిస్తే వీ8 ఇవ్వడం సాధ్యమైంది.

తర్వాత గడ్డు రోజులొచ్చాయి. 1973 అక్టోబర్ లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి, అమెరికాలో పెట్రోలు బంకుల ముందు క్యూలు. సరిగ్గా అప్పుడే 1974 మోడల్ గా మస్టాంగ్ 2 వచ్చింది. నాలుగు సిలిండర్ల 2.3 లీటర్లు లేదా వీ6 2.8 లీటర్లు. వీ8 అసలు లేనే లేదు! అభిమానులు ఈ కారుని ఇప్పటికీ తిడతారు. కానీ లెక్క చూడండి. 1973లో 1,34,867 కార్లు, 1974లో 3,85,993. ఆ ఏడాది జనం దాన్ని కొనకపోతే ఆ పేరు మిగిలేదని నేననుకోను. 1975లో వీ8 తిరిగొచ్చింది గానీ మస్టాంగ్ 2 ఉన్నన్నాళ్ళూ 140 హార్స్‌పవర్ దాటలేదు. (1971 దాకా బయట తీసి పెట్టిన ఇంజన్ ని కొలిచి గ్రాస్ లెక్క చెప్పేవాళ్ళు. 1972 నుంచి కార్లో ఎలా ఉంటుందో అలా కొలిచిన నెట్ లెక్క. కాబట్టి పాత అంకెల్ని కొత్తవాటితో నేరుగా పోల్చకూడదు.)

అసలు మెలిక 1975 చట్టంలో ఉంది. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు మైలేజీ 1978లో గాలన్ కి 18 మైళ్ళు, 1985కల్లా 27.5 ఉండాలి. తగ్గిన ప్రతి 0.1 మైలుకీ, అమ్మిన ప్రతి కారుకీ 5 డాలర్ల జరిమానా ఉండేది. పైగా ఆ సగటు మామూలు సగటు కాదు, హార్మోనిక్ మీన్. 20 మైళ్ళ కారొకటి, 40 మైళ్ళ కారొకటి అమ్మితే సగటు 30 కాదు, 26.7 మాత్రమే. అంటే ఒక వీ8 అమ్మాలంటే ఎక్కడో ఒకాయన చిన్న ఇంజన్ కొనాల్సి వచ్చేది, ఒకరు చాలకపోవచ్చు కూడా. నేను పుణ్యం అన్నది ఇదే.

ఇక ఈ మొత్తం కథలో నాకు బాగా ఇష్టమైనది 1984. షోరూములో ఒకే కారు, రెండు ఇంజన్లు, రెండిటికీ 175 హార్స్‌పవర్లే! ఒకటి జీటీ, 5.0 లీటర్ల వీ8. ఇంకోటి ఎస్వీవో, 2.3 లీటర్ల నాలుగు సిలిండర్లకి టర్బో, ఇంటర్‌కూలర్. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, ముందు భాగం తేలిక, మలుపుల్లో జీటీ కంటే మేలు. ఇంజనీర్లు మనసు పెట్టి చేసిన కారు. జనం ఏం చేశారు? జీటీ 10 వేల డాలర్ల లోపు, ఎస్వీవో 15 వేల పైన. అదీగాక టర్బోకి పొగ ఒత్తిడి కూడేదాకా ఆగాలి (లేటెన్సీ అన్నమాట), వీ8 కాలు పెట్టగానే లాగుతుంది. మూడేళ్ళలో ఎస్వీవోలు అమ్ముడైనవి 9,844. అంకె ఒకటే అయినా అనుభవం ఒకటి కాదని కొనేవాళ్ళు తేల్చేశారు. తప్పు పట్టను. చిన్న ఇంజన్ కి ఎక్కువ ధర పెడితే దాని పని అది చెయ్యలేదు.

కొనేవాళ్ళ మాట అక్కడితో ఆగలేదు. మాజ్డాతో కలిసి చేస్తున్న ముందు చక్రాల డ్రైవ్ కారుని తర్వాతి మస్టాంగ్ చేద్దామని ఫోర్డ్ అనుకుంది. అందులో వీ8 పట్టదు. 1987లో ఈ సంగతి బయటికి పొక్కగానే అభిమానులు ఉత్తరాలతో ముంచెత్తారు. చివరికి ఆ కారుకి ప్రోబ్ అని పేరు పెట్టి 1988లో వేరుగా అమ్మారు, పాత మస్టాంగ్ అలాగే ఉండిపోయింది. ప్రోబ్ 1997లో ఆగిపోయింది. దాన్ని తయారు చేసిన ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలోనే 2004 నుంచి మస్టాంగ్ తయారవుతోంది!

2015లో ఎస్వీవో ఆలోచన మళ్ళీ వచ్చింది, ఈసారి తెలివిగా. 2.3 లీటర్ల టర్బో, 310 హార్స్‌పవర్, వీ8 కంటే తక్కువ ధరకి. నెట్ లెక్కలోనే అది 1965 షెల్బీని దాటేసింది. 2017తో వీ6 పోయింది, నాలుగు సిలిండర్లదే కింది మెట్టయింది. 2024 మోడల్లో 315 ఒకవైపు, 480 హార్స్‌పవర్ల వీ8 ఇంకోవైపు. మన దేశానికి 2016లో వచ్చినప్పుడు మాత్రం 65 లక్షల ధరకి వీ8 ఒక్కటే తెచ్చారు. కింది మెట్టు లేకుండా పై మెట్టు. మళ్ళీ పాత థండర్‌బర్డ్ లెక్కే. మన దగ్గర అది గోడ మీద బొమ్మగానే మిగిలిపోయింది.

డాలస్ లో ఉన్న మా పిన్ని కొడుకు అడుగుతున్నాడు, "అన్నయ్యా, వీ8 తీసుకోనా, ఎకోబూస్ట్ చాలా?" అని. రోజూ ఆఫీసుకి తిరిగేవాడు, వయసు చిన్నది, ఇన్సూరెన్సే వాచిపోతుంది. ఎకోబూస్ట్ తీసుకోరా అన్నాను. లేదు, ఆ శబ్దం కోసమే కొంటున్నానంటే వీ8 తీసుకో, అదీ న్యాయమైన కారణమే, జీటీ కొన్నవాళ్ళు 1984లో చెప్పిందీ అదే. ఏది కొన్నా "ఏ ఇంజన్?" అంటే గట్టిగానే చెప్పమన్నాను.

మరి మీరైతే ఏది తీసుకుంటారు?