మౌంట్ పట్టిక చరిత్ర: ఎంట్యాబ్ నుంచి స్టాట్‌మౌంట్ దాకా

యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఎన్ని డిస్కులున్నా డైరెక్టరీల చెట్టు ఒకటే. కొత్త డిస్కునో పెన్‌డ్రైవునో ఆ చెట్టులోని ఒక డైరెక్టరీకి తగిలించడమే మౌంట్ చేయడం. ఏది ఎక్కడ మౌంటయిందో తెలియకపోతే డిస్కులో ఖాళీ ఎంతుందో చూపే ప్రోగ్రామూ, బ్యాకప్ తీసే ప్రోగ్రామూ, ఫైల్ మేనేజరూ పనిచేయలేవు. ఆ సంగతి వాటికి ఎవరు చెప్పాలన్నది తేలడానికి దశాబ్దాలు పట్టింది.

బెల్ ల్యాబ్స్ నుంచి 1975లో వెలువడిన యూనిక్స్ ఆరో కూర్పులో, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కీలక భాగమైన కెర్నల్ ఉంచుకున్న మౌంట్ పట్టిక చాలా చిన్నది. అందులో ఐదే గడులు. ఒక్కో గడిలో పరికరం సంఖ్య, దాని సూపర్‌బ్లాక్ ఉన్న బఫరు, తగిలించిన డైరెక్టరీ ఇనోడ్ మాత్రమే ఉండేవి. డైరెక్టరీ పేరు కెర్నల్‌కు అవసరం లేదు కాబట్టి దాచుకునేది కాదు. పేర్లు మనుషులకు కావాలి. అందుకని మౌంట్ కమాండే తన పని ముగించాక పరికరం పేరునూ డైరెక్టరీ పేరునూ ‘ఎంట్యాబ్’ అనే ఫైల్లో రాసిపెట్టేది. ఈ పట్టిక జనం చూసుకోవడానికే తప్ప మరెందుకూ కాదని 1979 నాటి ఏడో కూర్పు మాన్యువల్ తేటగా చెప్పింది.

అయితే రానురాను ఇతర ప్రోగ్రాములు కూడా ఆ పట్టికనే నమ్ముకోసాగాయి. దాన్ని చదవడానికి సన్ సంస్థ యూనిక్స్‌లో ‘గెట్‌ఎంఎన్‌టెంట్’ వంటి లైబ్రరీ ఫంక్షన్లు వచ్చాయి. చిక్కులూ అప్పుడే మొదలయ్యాయి. యంత్రం హఠాత్తుగా ఆగిపోతే పాత వివరాలు ఫైల్లో అలాగే మిగిలిపోయేవి. రూట్ ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే అనుమతించే స్థితిలో ఉంటే పట్టికలో కొత్తగా ఏమీ రాయడం కుదిరేది కాదు. మౌంట్ కమాండుతో పనిలేకుండా నేరుగా సిస్టమ్ కాల్ వాడిన ప్రోగ్రాము చేసిన మార్పు ఫైలుకు ఎక్కేదే కాదు. పని చేసేది కెర్నల్, లెక్క రాసేది మరొకరు కావడమే ఈ చిక్కులన్నిటికీ మూలం.

1993 నాటి 4.4 బీఎస్‌డీ దీనికి సూటి పరిష్కారం చూపింది. మౌంట్ అయిన డైరెక్టరీ పేరును కెర్నలే దాచుకుని, ‘గెట్‌ఎఫ్‌ఎస్‌స్టాట్’ అనే సిస్టమ్ కాల్ ద్వారా జాబితా మొత్తాన్ని అందించింది. 2000లో వచ్చిన సన్ సంస్థ సొలారిస్ 8 పాత పట్టిక పేరునూ చోటునూ అలాగే ఉంచి, దాని వెనక కెర్నల్ నడిపే ఫైల్‌సిస్టమ్‌ను పెట్టింది. ఆ ఫైలును చదవగలరు గానీ మార్చలేరు.

లినక్స్ కూడా దాదాపు ఇదే దారి పట్టింది. ‘ప్రాక్’ డైరెక్టరీలో కనిపించే ‘మౌంట్స్’ ఫైలు డిస్కు మీద ఉండదు. ఎవరైనా తెరిచి చదివినప్పుడు కెర్నల్ అప్పటికప్పుడు దాన్ని తయారుచేసి ఇస్తుంది. వరస మాత్రం ఎంట్యాబ్‌దే: పరికరం, డైరెక్టరీ, ఫైల్‌సిస్టమ్ రకం, ఐచ్ఛికాలు, చివర రెండు సున్నాలు. అందువల్ల పాత ప్రోగ్రాములు దీన్ని కూడా చదవగలిగాయి. ఖాళీని బట్టే ఒక అంశాన్నీ మరో అంశాన్నీ విడదీస్తారు కాబట్టి పేరులోని ఖాళీని కెర్నల్ అంకెల్లోకి మారుస్తుంది. ‘పాత ఫోటోలు’ అనే డైరెక్టరీకి పెన్‌డ్రైవు మౌంట్ చేస్తే ఆ పేరు ‘పాత\040ఫోటోలు’ అని కనిపిస్తుంది. తెలుగు అక్షరాలు చెక్కుచెదరవు.

2002లో వచ్చిన 2.4.19 కెర్నల్‌తో మౌంట్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. అంతటితో యంత్రానికంతటికీ ఒకే జాబితా అన్న మాట చెల్లకుండా పోయింది. ఒక్కో ప్రాసెస్‌కు వేరే చెట్టు కనిపించవచ్చు. అందుకని జాబితా కూడా ప్రాసెస్‌వారీగా మారింది. ఒక చెట్టులో జరిగిన మౌంట్ మరో చెట్టుకు పాకే ఏర్పాటు 2006లో 2.6.15తో వచ్చింది. ఈ బంధుత్వాలన్నీ ఆరు అంశాల పాత వరసలో ఇమడలేదు. 2008 జులైలో వెలువడిన 2.6.26 కెర్నల్ ‘మౌంట్‌ఇన్ఫో’ ఫైలును ఇచ్చింది. అందులో ఒక పంక్తి ‘36 35 8:17’ అని మొదలైందనుకుంటే, 36 ఈ మౌంట్ గుర్తింపు సంఖ్య, 35 దాని తల్లి మౌంట్‌ది; 8:17 సాధారణంగా రెండో డిస్కులోని మొదటి భాగం.

దీంతో ఎంట్యాబ్‌కు కాలం చెల్లింది. 2013లో వచ్చిన డెబియన్ 7 లినక్స్ పంపిణీలో అది ప్రాక్‌లోని ఫైలుకు దారి చూపే లింకుగా మిగిలింది.

ప్రోగ్రాములను వేరే చెట్టుతో విడిగా నడిపే కంటెయినర్లు పెరిగాక ఒకే యంత్రంలో వేల మౌంట్లు ఉండడం మామూలైంది. ఒక్క మార్పు తెలుసుకోవడానికి మౌంట్‌ఇన్ఫో ఫైలంతా మళ్లీ మళ్లీ చదవడం భారమైంది. 2024 మార్చిలో వచ్చిన 6.8 కెర్నల్ మిక్లోష్ సెరెది రాసిన రెండు సిస్టమ్ కాల్స్‌ను చేర్చుకుంది. ‘లిస్ట్‌మౌంట్’ గుర్తింపు సంఖ్యల జాబితా ఇస్తుంది. ‘స్టాట్‌మౌంట్’ ఒక సంఖ్య అడిగితే ఆ ఒక్క మౌంట్ వివరాలే చెబుతుంది. ఈ గుర్తింపు 64 బిట్లది, యంత్రం నడుస్తున్నంత కాలం మరో మౌంట్‌కు తిరిగి ఇవ్వనిది. మౌంట్ ఊడిపోయాక పాత సంఖ్య కొత్తదానికి దక్కి ప్రోగ్రాములు పొరబడే బెడద దానితో తీరింది. ఏ మౌంట్ చేరిందో, ఏది ఊడిందో వెంటనే కబురు అందించే ఏర్పాటు 2025లో ‘ఫ్యానోటిఫై’ అనే కెర్నల్ సదుపాయం ద్వారా వచ్చింది.

ఎవరు మౌంట్ చేస్తారో లెక్క కూడా వారే చెప్పాలన్నది ఈ చరిత్ర తేల్చిన విషయం. కొత్తగా ప్రోగ్రాము రాసేవారు ఎంట్యాబ్‌ను నమ్ముకోకుండా, కెర్నల్ మాటనే ప్రమాణంగా తీసుకోవాలి.