పాతచీరల లెక్క

తెనాలి వైపు కడుపుతో ఉన్న ఆడపిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వచ్చిందంటే, ఆ ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగేది. కాబోయే అమ్మమ్మ అందులోంచి పాతచీరలు ఒక్కొక్కటే తీసి, వెలుతురుకు పట్టి చూసి, చెంపకు ఆనించుకునేది. చెంపకు గుచ్చుకోనిదే బిడ్డకు పనికొస్తుంది. కొత్తచీర ఎంత ఖరీదైనా ఈ పరీక్షలో నెగ్గదు. పదేళ్ళో పదిహేనేళ్ళో కట్టి, బండకేసి ఉతికి, గంజి పెట్టి, మళ్ళీ ఉతికి, చివరికి గంజి కూడా నిలవనంత మెత్తబడ్డ నేతచీరే నెగ్గుతుంది. అలాంటివి రెండు దొరికితే పిల్లల బొంత మొదలైనట్టే.

పాతగుడ్డే ఎందుకని అడిగితే ఇళ్ళల్లో రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి మెత్తదనం, తడిని పీల్చుకునే గుణం. రెండోది దిష్టి. పురుడు వెళ్ళేదాకా పసిగుడ్డుకు కొత్తబట్ట తొడగని కుటుంబాలు కృష్ణా డెల్టాలో ఇప్పటికీ ఉన్నాయి. నిండా బతికిన పెద్దల చీరలోనో పంచెలోనో చుడితే వాళ్ళ ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. పొత్తిళ్ళు అనే మాట ఆ గుడ్డలదే. పుట్టకముందే బిడ్డకోసం ఏదీ కొనకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్ళకు బొంత మంచి ఉపాయం కూడా. కొన్నది ఏమీ లేదు కదా, ఇంట్లో ఉన్నదే కుట్టారు! ఆచారంతో ఇంత లాఘవంగా బేరమాడిన తొలి ఆవిడ ఎవరో గాని, గడుసుదే.

కుట్టుపని మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలయ్యేది. చిరుగులూ మాసికలూ ఉన్న చోట్లు లోపలి పొరల్లోకి పోయేలా, బాగున్న చెంగు పైకి వచ్చేలా గుడ్డలు పరుస్తారు. పెద్దవాళ్ళ పక్కబొంతకు ఐదారు చీరలు పట్టినా, ఉయ్యాల బొంతకు రెండు చాలు. మూర వెడల్పు, మూరన్నర పొడవు. ముడతలు లేకుండా అరచేత్తో తోసి, నాలుగు మూలలా చెంబో పచ్చడిబండో, ఏది దొరికితే అది బరువు పెడతారు. అమ్మమ్మా పెద్దమ్మా, లేదా పిన్నీ పక్కింటావిడా ఎదురెదురుగా కూర్చుని, అంచుల నుంచి లోపలికి సాదా కుట్టు వేసుకుంటూ వస్తారు. కుట్టు మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకుంటుంది. మరీ ఎడమైతే ఉతుకులో లోపలి గుడ్డ ఉండకడుతుంది. దారం ముడి పైకి రాకూడదు, బిడ్డ ఒంటికి గీసుకుంటుంది. చివర్లో ఏదో చీర రంగు అంచును మడిచి చుట్టూ పట్టీ వేస్తారు. ఆ అంచు మీద మాత్రం కాస్త సోకు చూపించవచ్చు. పొద్దుగూకితే సూది పెట్టెలోకి వెళ్ళిపోవాలి. దీపాలు పెట్టాక సూది అరువడిగితే ఇవ్వని ఇళ్ళు చాలా ఉండేవి.

ఇందులో దూది లేదన్నది గమనించాలి. పరుపుకైతే దూది కావాలి, దాన్ని ఏకడానికి దూదేకులవారు విల్లు భుజాన వేసుకుని రావాలి, కూలి ఇవ్వాలి. బొంతలో గుడ్డ మీద గుడ్డే. రాత్రికి మూడుసార్లు తడిసినా మర్నాడు ఎండలో ఇట్టే ఆరిపోతుంది. దూది అలా ఆరదు. బయటివాళ్ళ చేయి పడకుండా, డబ్బు చేతులు మారకుండా ఇంట్లోనే తయారయ్యే వస్తువు కాబట్టి బొంత ఏ పద్దులోకీ ఎక్కలేదు.

మాటగా మాత్రం అది పాతదే. జోడీ కుదిరిన ఇద్దరిని చూసి గంతకు తగ్గ బొంత అని వెక్కిరించే జాతీయంలో ఉన్నది, ఎద్దుల మీద బరువు వేసేటప్పుడు వాటి వీపు ఒరుసుకోకుండా పరిచే మెత్త. సంస్కృతంలో కంథ అన్నదీ అతుకుల గుడ్డే, సన్యాసులు కప్పుకునేది. బెంగాలీ కాంథా ఆ మాట నుంచి వచ్చిందే. పశువు వీపు, బైరాగి భుజం, పసివాడి పక్క: ఈ మూడింటికీ ఒకే వస్తువు సరిపోవడం విడ్డూరంగా కనిపించవచ్చు గాని, మూడుచోట్లా కావలసింది ఒరుసుకోని గుడ్డే.

సన్యాసుల అతుకుల గుడ్డ ఈ ప్రాంతానికీ కొత్తది కాదు. రేపల్లెకు దగ్గర్లోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువుల భరిణెలూ, వాటి మీద బ్రాహ్మీ శాసనాలూ బయటపడ్డాయి. అంటే క్రీస్తుపూర్వమే ఆ చుట్టుపక్కల బౌద్ధ భిక్షువులు తిరిగారు. పారేసిన పేలికలు ఏరి, ఉతికి, కుట్టుకుని కట్టుకోవడం వాళ్ళ నియమాల్లో ఒకటి. మగధలో గట్లు వేసిన పొలాలను చూపించి, భిక్షువులు కట్టే చీవరం అలా ఉండాలని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయపిటకం కథ. భట్టిప్రోలు నుంచి రేపల్లె వెళ్ళే దారిలో నాట్లు పడ్డ మళ్ళను చూసినవాళ్ళకు ఆ కథ బొమ్మ కట్టి కనిపిస్తుంది. అమ్మమ్మల బొంత అక్కడి నుంచే వచ్చిందని దీన్నిబట్టి చెప్పలేం. పేలికకు పరువు ఇచ్చిన మనుషులు ఈ నేల మీద ఎంత పాతవాళ్ళో తెలుస్తుంది, అంతే.

గుడ్డకు రాతపూర్వకమైన లెక్కలు మొదలైంది రేవుల దగ్గర. రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నాన్ని ఐరోపావాళ్ళు పెటపోలి అని రాసుకున్నారు. 1606లో డచ్చివాళ్ళు అక్కడ వర్తకస్థావరం పెట్టారు. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ ఈ రేవుకు వచ్చి, తర్వాత మచిలీపట్నం వెళ్ళింది. వాళ్ళకు కావలసింది ఇక్కడి గుడ్డ. ముఖ్యంగా చిరివేరుతో ఎరుపెక్కించిన అద్దకపు గుడ్డ. ఈ తీరపు ఇసుకనేలల్లో దొరికే ఆ వేరు ఇచ్చే ఎరుపు ఉతికేకొద్దీ వెలవదని ఆ కాలపు వర్తకులు మెచ్చుకుంటూ రాశారు. గుడ్డలను ఇరవై చొప్పున కట్టలు కట్టి, లెక్కరాసి ఓడ ఎక్కించేవారు. అందులో మంచం మీద పరిచే పెద్ద అద్దకపు దుప్పట్లూ ఉండేవి. పర్షియన్‌లో మంచపు కప్పు అనే అర్థమున్న పలంగ్‌పోష్ ఇంగ్లీషువాళ్ళ నోట పలంపోర్ అయింది.

కథ అక్కడ ఓ మలుపు తిరుగుతుంది. మన అద్దకాల ధాటికి తట్టుకోలేక ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో ఇంకొకటి చట్టాలు చేసి వాటిని కట్టడి చేసింది. దొరకని సరుకు కాబట్టి, ఉన్న గుడ్డలో చిన్న పీలికను కూడా అక్కడి ఆడవాళ్ళు దాచుకుని అతుకులేసుకున్నారు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ భవనంలో 1708 ప్రాంతంలో కుట్టిన అతుకుల పక్కగుడ్డ ఇప్పటికీ ఉంది. అందులోవి భారతదేశం నుంచి వెళ్ళిన అద్దకపు ముక్కలు. ఆ దేశంలో మిగిలిన అతుకుల పనుల్లో అదే బాగా పాతదని చెప్పుకుంటారు. దానికి గది ఉంది, చూడటానికి జనం ఉన్నారు. అదే కాలంలో పెటపోలి రేవుకు కూతవేటు దూరంలో ఏ చంటిబిడ్డ ఏ బొంత మీద పడుకున్నాడో ఓడలెక్కలు చెప్పవు. బయటికి పోయిన ప్రతి గుడ్డనూ లెక్కపెట్టినవాళ్ళు, ఊళ్ళోనే ఉండి అరిగిపోయిన గుడ్డను లెక్కపెట్టలేదు.

ఆ లెక్క తెలియాలంటే పాతబొంతల కుట్లు విప్పాలి. అడుగున ముతక నేతచీర వస్తుంది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు కాలవనీళ్ళు వచ్చాయి, వరి పండింది, పంట చేతికొచ్చిన ఇంట చీర కొనే శక్తి పెరిగింది. ఆ వెనకే మాంచెస్టరు మిల్లుగుడ్డ వచ్చింది. రైలు దాన్ని సంతల దాకా తెచ్చింది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు పడింది. పురిటికి వచ్చిన పిల్ల తిరిగి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు సారె బుట్టలతో, చలిమిడితో పాటు బొంతలచుట్ట కూడా ఆ రైలెక్కేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో గుడ్డకు కరువొచ్చింది. 1943లో ప్రభుత్వం నూలు మీదా గుడ్డ మీదా అదుపు పెట్టింది. అప్పుడు పాతచీర అంటే బిడ్డ పక్క ఒక్కటే కాదు, పెద్దపిల్లల లంగా, ఇంటిల్లిపాది రుమాలు కూడా. బొంతకు మిగిలిందంటే ఆ ఇల్లు కాస్త ఉన్న ఇల్లన్నమాట. పై పొరల్లో వాయిల్ చీరల పువ్వులు కనిపిస్తాయి. మంచి బొంతలకు అదే ఆఖరి రోజులనుకోవాలి.

ఎందుకంటే తర్వాత నైలాను, నైలెక్సు, పాలియెస్టరు వచ్చాయి. ఇస్త్రీ అక్కర్లేదు, చిరగవు, రంగుపోవు. ఆడవాళ్ళకు అవి నిజంగానే ఊరట. కానీ చిరగని చీర మెత్తబడదు, నీటిని పీల్చదు, సూది కింద జారిపోతుంది. ఆంధ్రా ప్యారిస్ అని పేరున్న తెనాలి కొత్త సోకులకు వెనకాడే ఊరు కాదు. ట్రంకుపెట్టెల్లో త్వరగానే ఈ జారుడు చీరలే నిండాయి. పైగా వీధిలో స్టీలుసామాన్లవాళ్ళ కేక మొదలైంది. నాలుగు పాతచీరలు వేస్తే గిన్నె, ఆరు వేస్తే బేసిను. గుడ్డకు గుడ్డే తప్ప వేరే గతి లేని కాలం పోయి, పాతచీరకు కూడా ఒక ధర వచ్చింది. బొంతను దెబ్బతీసినవాళ్ళలో డైపర్ల కంపెనీలకంటే స్టీలు తట్టవాళ్ళే ముందున్నారనిపిస్తుంది.

సముద్రపు ఒడ్డున ఇంకో కారణం తోడైంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరాన్నీ ముంచింది. మొత్తం మీద పదివేల మందికి పైగా పోయారు. మనుషులే మిగలని చోట ట్రంకుపెట్టెల సంగతి అడగకూడదు గాని, ఆ గ్రామాల్లో మూడుతరాల గుడ్డ ఒకచోట దొరక్కపోవడానికి అదీ ఒక కారణం.

బెంగాల్లో గురుసదయ్ దత్ లాంటివాళ్ళు పల్లెల్లో తిరిగి కాంథాలు సేకరించారు, వాటికి మ్యూజియం వచ్చింది. బిహార్‌లో పుట్టినబిడ్డ కోసం పాతచీరలతో కుట్టే సుజనీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర మచిలీపట్నం కలంకారీకి ఆ గుర్తింపు ఉంది, 2024లో నరసాపురం లేసుకూ వచ్చింది. బొంత ఆ వరుసలో లేదు. దాని మీద బొమ్మలు లేవు, కథలు లేవు, వరసకుట్లు తప్ప చూపించడానికి ఏమీ లేదు. చూపించడానికి ఏమీ లేకపోవడమే దాని పనితనం కూడా. నిద్రపోయే బిడ్డకు తగలకూడదు కదా.

అలాగని బొంత పోలేదు. ఊరూరా తిరుగుతూ బొంతలు కుట్టిపెట్టే ఆడవాళ్ళు ఇప్పటికీ వీధుల్లో కేక వేస్తారు. చీరలు మనవి, సూదీ చేయీ వాళ్ళవి. అరుగు మీదో చెట్టు కిందో పరిచి, సాయంత్రానికల్లా చేతికిచ్చి కూలి తీసుకుంటారు. చేతిపనికి తీరిక లేని ఇళ్ళల్లో కుట్టుమిషనే ఆ పని చేస్తోంది, మిషను కుట్టు గట్టిగా ఉంటుందని అమ్మమ్మలు మూతి విరిచినా. కూతురి పురిటికి డల్లాసో న్యూజెర్సీయో వెళ్ళే తెనాలి, బాపట్ల అమ్మలు సూట్‌కేసులో రెండు బొంతలు పెట్టుకుంటారు. అక్కడ ఆస్పత్రిలో కొత్త దుప్పట్లు ఎన్నైనా ఇస్తారు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. బొంత దారిలో ఇంకో పని కూడా చేస్తుంది: గోంగూర పచ్చడి సీసా చుట్టూ చుడితే పగలదు. ఎయిర్‌పోర్టు కౌంటరులో పెట్టె 23 కిలోలు దాటిందంటే అక్కడే నేల మీద తెరుస్తారు. పచ్చడి తీయడానికి చేయి రాదు. బొంత తీసి శాలువాలా భుజాన వేసుకుని, పెట్టెను మళ్ళీ తూకానికి పెడతారు. భుజం మీది బొంతను ఎవరూ తూచరు.