లోపమే గొంతైన స్పీకర్

రాక్ సంగీతం గురించి రాసేవాళ్ళు గిటారిస్టుల పేర్లు చెప్తారు, గిటార్ మోడళ్ళు చెప్తారు, ఇంకాస్త లోతుకి వెళ్తే యాంప్లిఫయర్ల దాకా వచ్చి ఆగిపోతారు. కానీ ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని చివరగా గాల్లోకి వదిలేది తీగ కాదు, చెక్కపెట్టెలో బిగించిన ఓ కాగితపు కోను. దాని చరిత్రలో కళాకారులకంటే అయస్కాంతాల ధరలూ, వాట్ల లెక్కలూ ఎక్కువ కనిపిస్తాయి.

స్పీకర్ పనిచేసే తీరు సులువే. అయస్కాంతంలోని సన్నని ఖాళీలో ఒక తీగచుట్ట ఉంటుంది. కరెంటు దిశ మారినప్పుడల్లా అది ముందుకీ వెనక్కీ కదులుతుంది, దానికి అంటించిన కోను గాలిని నెడుతుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్‌ల పత్రంతో స్థిరపడిన ఈ డిజైన్ మూలసూత్రం ఇవాళ్టికీ మారలేదు. వాళ్ళకి కావాల్సింది రేడియోలో మాట ఉన్నదున్నట్టు వినపడటం. ఎలక్ట్రిక్ గిటార్ అప్పటికింకా మార్కెట్లోకే రాలేదు.

తర్వాత వచ్చిన గిటార్ యాంప్లిఫయర్లు ఈ రేడియో పరిశ్రమ మీదే బతికాయి. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే షాపు నడిపినవాడు. 1950లలో తన యాంప్లిఫయర్లలో ఎక్కువగా జెన్సన్ కంపెనీ స్పీకర్లు వాడాడు. బేస్ గిటార్ కోసం ఆయన చేసిన ‘బాస్‌మన్’లో 1959 నాటికి 10 అంగుళాల స్పీకర్లు నాలుగున్నాయి. బేస్ అడుగు స్వరం 41 హెర్ట్జ్. అంత కిందికి దిగాలంటే చాలా గాలిని కదపాలి, ఆ చిన్న కోన్లకి అది కష్టమే. బేస్ వాళ్ళకంటే మామూలు గిటారిస్టులే దాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారు.

1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం బాస్‌మన్ సర్క్యూట్‌ని దాదాపు అలాగే దింపింది. స్పీకర్లు మాత్రం ఇంగ్లండ్‌లోనే తయారయ్యే సెలెస్టియన్‌వి పెట్టింది. సెలెస్టియన్ కూడా 1924లో రేడియో స్పీకర్లతో మొదలైన కంపెనీయే. ఆ కంపెనీ ‘వాక్స్ ఏసీ30’ యాంప్లిఫయర్‌కి ఇచ్చిన నీలిరంగు స్పీకర్ తట్టుకునేది 15 వాట్లే. మార్షల్ ఒకే పెట్టెలో 12 అంగుళాల స్పీకర్లు నాలుగు బిగించాడు. రాక్ స్టేజీకి గుర్తుగా నిలిచిపోయిన ఆ పెద్ద నల్లపెట్టె వెనక ఉన్నది ఈ కూడికే: ఒకటి మోయలేని భారాన్ని నాలుగు పంచుకోవడం.

తర్వాత అయస్కాంతం మారింది. పాతది ఆల్నికో: అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. కోబాల్ట్ ఖరీదు. 1960ల మధ్యలో సెలెస్టియన్ చవకైన సిరామిక్ అయస్కాంతంతో చేసిన స్పీకరే, వెనక ఆకుపచ్చ మూత వల్ల ‘గ్రీన్‌బ్యాక్’ అయింది. 1978లో నేటి కాంగోలోని షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఎగబాకేసరికి మిగతా కంపెనీలూ ఆల్నికోని వదిలేశాయి. ఆఫ్రికాలో గనులు ఆగితే అమెరికాలో స్పీకర్ల గొంతు మారింది.

హైఫై కొలతలతో చూస్తే గ్రీన్‌బ్యాక్ నాసిరకం స్పీకరే. సుమారు 75 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా మాత్రమే పలుకుతుంది. కానీ యాంప్లిఫయర్‌ని మోతాదుకి మించి తోస్తే పుట్టే పై స్వరాలు వినలేనంత గరగరగా ఉంటాయి. ఆ కోను వాటిని మింగేస్తుంది. పైగా గట్టిగా వాయిస్తే కాగితం అంతా ఒక్కటిగా కదలదు, ఒక్కో భాగం ఒక్కోలా వణుకుతుంది. రేడియో ఇంజనీర్లు వదిలించుకోవాలనుకున్నది దీన్నే, గిటారిస్టులకి కావాల్సింది కూడా ఇదే. 1964లో కింక్స్ బృందం గిటారిస్ట్ డేవ్ డేవీస్ ‘యూ రియల్లీ గాట్ మీ’ కోసం తన చిన్న యాంప్లిఫయర్ స్పీకర్ కోనుని బ్లేడుతో కోసేశాడు. బేస్ వాళ్ళు మాత్రం అడుగు స్వరం చెదరకుండా ఉండాలన్నారు. 1969లో ఆంపెగ్ 300 వాట్ల ‘ఎస్‌వీటీ’ చేసింది. ఒక్కో పెట్టెలో 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది!

ఇప్పుడు ఈ కథ నా వృత్తిలోకి వచ్చింది. 1992లో హాంకాంగ్‌కి చెందిన గోల్డ్ పీక్ చేతికి వెళ్ళిన సెలెస్టియన్ ఇవాళ స్పీకర్లతోపాటు ఫైళ్ళు కూడా అమ్ముతోంది. స్పీకర్ ముందు మైకు పెట్టి, అది ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచుతుందో, ఎంత తుంచుతుందో రికార్డు చేసిన ‘ఇంపల్స్ రెస్పాన్స్’లు అవి. లాప్‌టాప్‌లో పెట్టుకుంటే చాలు, పెట్టె మొయ్యక్కర్లేదు. ఇరుగుపొరుగు గోడ తట్టరు. అపార్ట్‌మెంట్‌లో వాయించుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ ఫైల్ ఒక స్థిరమైన వడపోత మాత్రమే. మెల్లగా వాయించినా, బలంగా వాయించినా ఒకేలా వడకడుతుంది. శబ్దం పెరిగేకొద్దీ చుట్ట వేడెక్కడం, కాగితం అదుపు తప్పడం అందులో లేవు. ఆ ఒక్క స్పీకర్, ఆ రోజు, ఆ మైకు ముందు పలికిన తీరే ఉంటుంది. ఉన్నదున్నట్టు వినిపించాలని పుట్టిన యంత్రం, అలా వినిపించలేకే ఒక సంగీతానికి గొంతయింది. ఆ చేతకానితనాన్ని ఇప్పుడు మనం ఉన్నదున్నట్టు కాపీ చెయ్యాలని కష్టపడుతున్నాం. కాపీ బాగానే వస్తోంది. కానీ డేవీస్‌లా బ్లేడు పెట్టి కొయ్యడానికి అందులో కాగితం లేదు.