హీటర్ ఫ్యాన్ వెనక మన చరిత్ర

చలి దేశాల్లో కారు హీటర్ ఫ్యాన్ ఆగిపోవడం చిన్న విషయం కాదు. ముందు అద్దానికి ఆవిరి పట్టి దారే కనిపించదు. అప్పుడు కారు నడిపే స్త్రీకి తరచుగా దొరికే సలహా ఒకటే: 'ఎవరైనా మగవాళ్లకి చూపించు.' యంత్రాలు మనకి అర్థం కావన్న ఈ నమ్మకాన్ని చరిత్ర ఒప్పుకోదు.

1893లో చికాగోకి చెందిన మార్గరెట్ విల్కాక్స్ 'కార్ హీటర్'కి పేటెంట్ పొందింది. ఆ రోజుల్లో అమెరికాలో కార్ అంటే ముఖ్యంగా రైలుపెట్టె. 1903లో అద్దం తుడిచే వైపర్‌కి మేరీ ఆండర్సన్ పేటెంట్ తీసుకుంది. 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ స్త్రీల కోసమే కారు పుస్తకం రాసింది. నడపడంతో ఆగకుండా, లోపాలని ఎలా కనిపెట్టాలో, ఎలా సరిచేసుకోవాలో కూడా చెప్పింది.

లోపం వెతకడానికి బలం కాదు, ఒక వరుస కావాలి. ఫ్యాన్ ఏ వేగంలోనూ తిరగకపోతే ముందు ఫ్యూజు చూడాలి. తర్వాత రిలే. మోటారు దాకా కరెంటు వస్తూ, ఎర్త్ కూడా సరిగా ఉండి తిరగలేదంటే పాడైంది మోటారే. చాలా కార్లలో ఫ్యాన్ గరిష్ఠ వేగంలో మాత్రమే తిరిగితే అనుమానించాల్సింది రెసిస్టర్‌ని. కొత్త ఫ్యూజు కూడా కాలిపోతే ఇంకా పెద్దది వేయకూడదు, కారణం వెతకాలి.

ప్రతి స్త్రీ మెకానిక్ కానక్కర్లేదు. కానీ రెసిస్టర్ మారిస్తే సరిపోయే చోట మోటారంతా మార్చాలంటే, 'ఎందుకు?' అని అడగగలగాలి. విల్కాక్స్, ఆండర్సన్ పేర్లు మనకి పాఠాల్లో చెప్పలేదు. లెవిట్ రాసిన ఆ జ్ఞానం మాత్రం ఇప్పటికీ మన హక్కే.