వేరే పేపరు

మాది పెనుగొండ. వాసవీ కన్యక ఊరంటే అందరికీ తెలుసు, మా పేట ఎవరికీ తెలీదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే ముందు.

ఎం.ఏ. చరిత్రతోపాటు స్త్రీ అధ్యయనాల పేపరు తీసుకున్నాను. మొదటి పాఠం 1881లో రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం. మా పేటలో మారుమనువు ఎప్పట్నుంచో ఉన్నదే. రెండో పాఠం గడప దాటిన స్త్రీలు. సెలవులకొచ్చి చెబితే అమ్మ నవ్వింది: "దాటకపోతే ఊడుపులెవరు ఊడుస్తారే? కూడెక్కడిది?"

1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ళ చెరువు పాడుచెయ్యొద్దన్న దళిత కుర్రాణ్ణి కొడుతుంటే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. మర్నాడు దాడిచేసి ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ బిందె మాకు కులం పాఠంలో వచ్చింది, స్త్రీల పాఠంలో రాలేదు. ఎందుకని అడిగాను. "అది వేరే పేపరమ్మా" అన్నారు.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివాకే, 1921 నుంచీ మా ఆడవాళ్ళు రాసిన రాతలున్నాయని తెలిసింది. మరి వాటిని మా క్లాసుకి రానివ్వందెవరు?

ఇప్పుడు సర్కారుబడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలచేత వాళ్ళ అమ్మలు తెల్లారి లేచిందగ్గర్నుంచి చేసే పనంతా రాయిస్తున్నాను. ఆ నోటుబుక్కులు దాస్తున్నాను. మా అమ్మది వేరే పేపరు కాదు.